బేస్‌లైన్‌కు ఏ కంప్రెషన్, డ్రమ్స్‌కు ఏది: హౌస్, టెక్నో, డ్రమ్ అండ్ బేస్ చేసేవారికి ఎంపిక సలహా

బేస్‌కు ఏ కంప్రెసర్ (బిగ్గరైన శబ్దాన్ని తనంతట తానే తగ్గించే పనిముట్టు) వాడాలి, కిక్‌కు, అంటే లోతుగా మోగే డ్రమ్ దెబ్బకు, ఏది వాడాలి అని ఎవరైనా అడిగితే ఒక ప్లగిన్ (సంగీత సాఫ్ట్‌వేర్‌లో వాడే పనిముట్టు) పేరు చెప్పి ఊరుకోవడం తేలిక. దానివల్ల అడిగినవారి పాట మాత్రం బాగుపడదు. హౌస్, టెక్నో, డ్రమ్ అండ్ బేస్ వంటి ఎలక్ట్రానిక్ సంగీతంలో కంప్రెసర్‌తో మనం చేయించుకునే పనులు ముఖ్యంగా మూడు. ఎగుడుదిగుడుగా ఉన్న లెవెల్‌ను సమం చేయడం మొదటిది. ఒక్కో దెబ్బ ఆకారాన్ని మార్చడం, అంటే కిక్ మొదట్లో వినిపించే టక్కును పెంచడమో, దాని వెనుక వచ్చే గుమ్మును ముందుకు తేవడమో రెండోది. కిక్ పడిన క్షణంలో బేస్‌ను పక్కకు తప్పించడం మూడోది. ఈ మూడు పనులకూ ఇవాళ కంప్రెసర్ కాకుండా వేరే పనిముట్లు కూడా ఉన్నాయి. కొన్ని పనులకు అవే మేలు. కాబట్టి ఏ కంప్రెసర్ అని అడిగే ముందు, ఈ పనికి కంప్రెసరే కావాలా అని అడగాలి.

ముందుగా ఒక చిన్న లెక్క. థ్రెషోల్డ్‌ను, అంటే కంప్రెసర్ పని మొదలుపెట్టే ఎత్తును, -20 డెసిబెల్స్ దగ్గర, రేషియోను, అంటే తగ్గించే నిష్పత్తిని, 4:1 దగ్గర పెట్టారు. కిక్ -8 దాకా వచ్చింది. అంటే థ్రెషోల్డ్‌ను 12 డెసిబెల్స్ దాటింది. అందులో నాలుగో వంతు, అంటే 3 డెసిబెల్స్ మాత్రమే పైకి వెళ్తుంది. బయటికి వచ్చేది -17. తగ్గిపోయింది 9 డెసిబెల్స్, అది చాలా పెద్ద తగ్గింపు. అయితే ఆ తగ్గింపు ఒక్క క్షణంలో జరిగిపోదు. ఎంత వేగంగా తగ్గాలో అటాక్ చెబుతుంది, ఎంత వేగంగా మళ్లీ పైకి రావాలో రిలీజ్ చెబుతుంది. రేషియో, థ్రెషోల్డ్ కలిసి ‘ఎంత’ అన్నది తేలుస్తాయి. అటాక్, రిలీజ్ ‘ఎప్పుడు’ అన్నది తేలుస్తాయి. నాట్యం కోసం చేసే సంగీతంలో ‘ఎంత’ కన్నా ‘ఎప్పుడు’ ముఖ్యం. రెండు వేర్వేరు కంప్రెసర్లను ఒకే అటాక్, ఒకే రిలీజ్ దగ్గర పెట్టి వింటే తేడా కొద్దిగానే ఉంటుంది. ఒకే కంప్రెసర్‌లో రిలీజ్‌ను 50 మిల్లీసెకన్ల నుంచి 300కు మారిస్తే పాట నడకే మారిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో బ్రాండ్ల కన్నా ఆ రెండు నాబ్‌ల గురించే ఎక్కువ రాస్తున్నాను.

సింథ్ బేస్‌కు అసలు కంప్రెషన్ కావాలా

బేస్ గిటార్ వాయించేవారి వేళ్ల బలం ప్రతి స్వరానికీ మారుతుంది. ఒక తీగ మీద నిండుగా మోగిన స్వరం ఇంకో తీగ మీద పలచబడుతుంది. అక్కడ కంప్రెసర్‌కు నిజంగా పని ఉంది. సింథ్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దం పుట్టించే వాయిద్యం) సంగతి వేరు. వెలాసిటీని, అంటే కీ నొక్కిన బలాన్ని, వాల్యూమ్‌కు ముడిపెట్టకపోతే బార్‌లోని పదహారు స్వరాలూ ఒకే ఎత్తులో వస్తాయి. నున్నటి సైన్ వేవ్‌తో చేసిన సబ్ (అతి లోతైన బేస్) అయితే అందులో సమం చేయడానికి ఏమీ మిగలదు. రాక్ బ్యాండ్ల మిక్సింగ్ పాఠాల్లో చెప్పిన 4:1 రేషియో, 6 డెసిబెల్స్ తగ్గింపును తెచ్చి సబ్ మీద పెడితే, స్వరం మొదట్లో ఒక చిన్న ఉబ్బు వస్తుంది, మిగతాదంతా ఒకే మోతాదులో తగ్గుతుంది. ఆ రెండో పనికి ఫేడర్ (వాల్యూమ్ మీట) చాలు. మొదటిది చాలామందికి అక్కర్లేదు.

అలాగని సింథ్ బేస్‌లో తేడాలే ఉండవని కాదు. సింథ్ ఫిల్టర్‌లో రెజొనెన్స్ పెంచి కటాఫ్‌ను (ఫిల్టర్ కోసే చోటును) తిప్పుతుంటే, ఫిల్టర్ శిఖరం ఏదో ఒక హార్మోనిక్ (మూలస్వరంతోపాటు దాని పైన మోగే స్వరం) మీదికి వచ్చినప్పుడల్లా ఆ స్వరం ఎగిసిపడుతుంది. ఇది కంప్రెసర్‌కు తగిన పని. ఆసిలేటర్ (తరంగాన్ని పుట్టించే భాగం) ప్రతి స్వరానికీ వేరే ఫేజ్ దగ్గర, అంటే తరంగంలో వేరే చోట, మొదలవుతుంటే స్వరాల మొదళ్లు ఒకసారి మెత్తగా, ఒకసారి టప్పుమని వినిపిస్తాయి. దీనికి సింథ్‌లో ఫేజ్ రీట్రిగ్గర్ ఆన్ చేయాలి, కంప్రెసర్ అక్కర్లేదు.

మూడో రకాన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే డ్రమ్ అండ్ బేస్ చేసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రీస్ బేస్ అంటే ఒకదానితో ఒకటి శ్రుతి కొద్దిగా తప్పించిన (డీట్యూన్ చేసిన) సా వేవ్‌ల బేస్. డెట్రాయిట్ టెక్నో తొలితరం సంగీతకారుడు కెవిన్ సాండర్సన్ 1988లో రీస్ పేరుతో విడుదల చేసిన పాట నుంచి దానికా పేరు వచ్చింది. ఒక ఆసిలేటర్ 55 హెర్ట్జ్ దగ్గర, ఇంకోటి 55.5 దగ్గర ఉన్నాయనుకోండి. వాటి మధ్య తేడా అర హెర్ట్జ్. కాబట్టి ప్రతి రెండు సెకన్లకు ఒకసారి మూలస్వరం పూర్తిగా మాయమై మళ్లీ నిండుగా వస్తుంది. అది మాయమైన క్షణంలో కంప్రెసర్ ఏం చేయగలదు? లేనిదాన్ని పైకి తేలేదు. పైనున్న హార్మోనిక్స్‌ను మాత్రం పైకి లేపుతుంది. ఎంత గట్టిగా కంప్రెస్ చేస్తే అడుగు అంత డొల్లగా, పైభాగం అంత గీరుగా తయారవుతుంది. చేయాల్సింది ఏమిటంటే, రీస్‌లో సుమారు 100 హెర్ట్జ్ కింది భాగాన్ని హై-పాస్ ఫిల్టర్‌తో తీసేసి, అదే స్వరాలను వాయించే శుభ్రమైన సైన్ సబ్‌ను దాని కింద పెట్టడం. ఆ తర్వాత పైభాగాన్ని ఎంత నలిపినా అడుగు కదలదు.

ఆసిడ్ బేస్‌లైన్ విషయంలో నా సలహా ఇంకా సూటిగా ఉంటుంది. ఆసిడ్ శబ్దానికి మూలమైన బేస్ సింథ్ రోలాండ్ టీబీ-303లో యాక్సెంట్ పెట్టిన స్వరం బిగ్గరగా మోగుతుంది, దానితోపాటు ఫిల్టర్ కూడా ఎక్కువగా తెరుచుకుంటుంది. వరుసగా యాక్సెంట్లు వస్తే ఫిల్టర్ మరింత పైకి ఎగబాకుతుంది. ఆ లైన్‌కు ప్రాణం ఆ హెచ్చుతగ్గుల్లోనే ఉంది. వాటిని 8 డెసిబెల్స్ కంప్రెషన్‌తో అణచివేస్తే మిగిలేది ఒక గొణుగుడు. 303కు కంప్రెసర్, డిస్టార్షన్ ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలంటే డిస్టార్షన్ ఎంచుకోండి. అది కూడా లెవెల్‌ను కొంత సమం చేస్తుంది, కానీ యాక్సెంట్ పడిన చోట శబ్దపు రంగును మారుస్తుంది. అందువల్ల ఎత్తు తగ్గినా యాక్సెంట్ పడినట్టు చెవికి తెలుస్తూనే ఉంటుంది.

‘బేస్ వినబడటం లేదు, కంప్రెస్ చేయాలా?’ అనేది ఇంకో తరచు ప్రశ్న. హెడ్‌ఫోన్స్‌లో వినిపించి ఫోన్ స్పీకర్‌లో వినిపించకపోతే అది కంప్రెషన్ లోపం కాదు. 45 హెర్ట్జ్ స్వరాన్ని అంత చిన్న స్పీకర్ పలికించలేదు. శాచురేషన్, అంటే తేలికపాటి డిస్టార్షన్, ఆ స్వరానికి 90, 135, 180 హెర్ట్జ్ దగ్గర, ఇంకా పైన కొత్త హార్మోనిక్స్‌ను పుట్టిస్తుంది. వాటిని పట్టుకుని చెవి అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది. శుభ్రంగా పనిచేసే కంప్రెసర్ కొత్తగా ఏదీ పుట్టించదు, ఉన్నదాని ఎత్తును మాత్రమే మారుస్తుంది. కాబట్టి ఇక్కడ శాచురేషన్‌దే గెలుపు. సబ్‌ను శుభ్రంగా వదిలేసి, బేస్ కాపీ ఒకటి తీసుకుని, దానికి శాచురేషన్ పెట్టి, 120 హెర్ట్జ్ కింద కోసేసి కలపడం నాకు నచ్చిన పద్ధతి.

మల్టీబ్యాండ్ కంప్రెషన్ అంటే శబ్దాన్ని అడుగు, మధ్య, పై భాగాలుగా (బ్యాండ్లుగా) విడదీసి కంప్రెస్ చేయడం. అందులోనూ ఓటీటీ పేరుతో ప్రసిద్ధమైన అమరిక మూడు బ్యాండ్లలోనూ బిగ్గరగా ఉన్నదాన్ని కిందికి, మెల్లగా ఉన్నదాన్ని పైకి నెడుతుంది. ఆబ్లెటన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో మల్టీబ్యాండ్ డైనమిక్స్ ప్రీసెట్‌గా మొదలైన దీన్ని ఎక్స్‌ఫర్ సంస్థ ఉచిత ప్లగిన్‌గా కూడా ఇస్తోంది. గుర్రుమనే మిడ్ బేస్‌కు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పూర్తి మోతాదులో కాకుండా 20, 30 శాతం డెప్త్‌తో మొదలుపెట్టండి. సబ్‌ను మాత్రం దాని దరిదాపులకు రానివ్వకండి.

ఇవన్నీ దాటుకుని వచ్చాక, నిజంగానే మీ బేస్‌లైన్‌లో లెవెల్ తేడా ఉంటే, అప్పుడు కంప్రెసర్. 50 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. 40 హెర్ట్జ్ అయితే 25. కంప్రెసర్ అటాక్, రిలీజ్ రెండూ అంతకన్నా వేగంగా ఉంటే, అది స్వరం ఎత్తును వదిలేసి తరంగంలోని ప్రతి ఎత్తునూ పల్లాన్నీ వెంబడిస్తుంది. దాని ఫలితం గరగరమనే డిస్టార్షన్. కొందరికి అదే కావాలి, అప్పుడు సరే. శుభ్రమైన బేస్ కావాలంటే అటాక్ 15 నుంచి 30 మిల్లీసెకన్లు, రిలీజ్ 80కి పైన ఉంచండి. 124 బీపీఎం (నిమిషానికి 124 బీట్లు) హౌస్ పాటలో పదహారో వంతు స్వరం 121 మిల్లీసెకన్లు ఉంటుంది. రిలీజ్ 90 నుంచి 110 మధ్య పెడితే తర్వాతి స్వరం వచ్చేలోపు కంప్రెసర్ చాలావరకు కోలుకుంటుంది. రేషియో 3:1, తగ్గింపు 3 లేదా 4 డెసిబెల్స్. మీటర్ సూది ప్రతి స్వరానికీ కదిలి వెనక్కి రావాలి. ఒకేచోట అతుక్కుపోయి ఉంటే మీరు వాల్యూమ్ తగ్గించారంతే.

కిక్ పడినప్పుడు బేస్ ఎక్కడికి పోవాలి

కిక్, బేస్ రెండింటి బలమూ 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్యనే ఉంటుంది. సమానమైన రెండు తరంగాలు ఒకే ఫేజ్‌లో కలిస్తే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, వ్యతిరేక ఫేజ్‌లో కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. స్వరం మారినకొద్దీ ఈ కలయిక మారుతుంది కాబట్టి ఒక కిక్ గట్టిగా, తర్వాతి కిక్ డొల్లగా వినిపిస్తుంది. చాలామంది దీన్ని కిక్ లోపమని భావించి కిక్‌ను కంప్రెస్ చేస్తారు. లోపం కిక్‌ది కాదు, ఇరుకుది.

అన్నిటికన్నా చవకైన మార్గం రెండింటినీ ఒకేసారి మోగనివ్వకపోవడం. బేస్ ఆఫ్‌బీట్‌లో (రెండు బీట్ల మధ్య) ఉండి, కిక్ పొట్టిగా ఉంటే పెద్దగా చేయాల్సింది ఏమీ ఉండదు. అది కుదరనప్పుడు మూడు దారులున్నాయి.

మొదటిది సైడ్‌చెయిన్ కంప్రెసర్. బేస్ మీద కంప్రెసర్ ఉంటుంది, కానీ అది వినేది కిక్‌ను. కిక్ పడినప్పుడల్లా బేస్ వంగుతుంది. 1990ల ఫ్రెంచ్ హౌస్‌లో ఈ వంగడాన్ని దాచకుండా, మొత్తం లూప్ కిక్‌తోపాటు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు వినిపించేలా చేశారు. డాఫ్ట్ పంక్ వాడినట్టు బాగా ప్రచారంలో ఉన్న అలెసిస్ 3630 ఖరీదైన పెట్టె కాదు. ఆ ధ్వని పుట్టింది టైమింగ్ నుంచి.

ఈ పద్ధతిలో ఎక్కువమంది గమనించని విషయం ఒకటుంది. రిలీజ్ మొదలయ్యేది కిక్ పడిన క్షణం నుంచి కాదు, కిక్ థ్రెషోల్డ్ కిందికి దిగిన క్షణం నుంచి. 128 బీపీఎంలో ఒక బీట్ 469 మిల్లీసెకన్లు. మీ కిక్ 200 మిల్లీసెకన్లు థ్రెషోల్డ్ పైనే ఉందనుకోండి. రిలీజ్ 120 పెట్టినా బేస్ పైకి వచ్చేది సుమారు 320 మిల్లీసెకన్ల దగ్గర. అంటే బీట్‌లో మూడింట రెండు వంతులు బేస్ వంగే ఉంటుంది. రిలీజ్ ఎంత తగ్గించినా బేస్ ఆలస్యంగా వస్తోందని తల పట్టుకునేవారికి కారణం ఇదే. మందు తేలిక. అసలు కిక్‌కు బదులు, స్పీకర్లకు పంపని ఒక పొట్టి క్లిక్‌ను, 10 లేదా 20 మిల్లీసెకన్లది, కిక్ ఉన్న చోట్లలోనే పెట్టి దాన్ని సైడ్‌చెయిన్‌కు ఇవ్వండి. అప్పుడు రిలీజ్ నాబ్ చెప్పినట్టు వింటుంది. ఇంకో లాభం కూడా ఉంది. బ్రేక్‌డౌన్‌లో కిక్ ఆగిపోయినా, కావాలంటే బేస్ వంగి లేచే ఆ ఊపును (పంపింగ్‌ను) కొనసాగించవచ్చు.

రెండో దారి వాల్యూమ్ షేపర్. ఇది దేన్నీ వినదు. పాట టెంపోకు కట్టుబడి, మీరు గీసిన వంపు ప్రకారం వాల్యూమ్‌ను దించి ఎత్తుతుంది. కేబుల్‌గైస్ వారి వాల్యూమ్‌షేపర్, కిక్‌స్టార్ట్, ఎక్స్‌ఫర్ ఎల్ఎఫ్ఓ టూల్ ఈ కోవలోవి. ఎఫ్ఎల్ స్టూడియోలో గ్రాస్ బీట్ వాల్యూమ్ ఎన్వలప్‌తో ఇదే పని జరుగుతుంది. కంప్రెసర్‌కు కిక్ తగిలాక స్పందించడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపు కిక్ మొదలు, బేస్ గుద్దుకుంటాయి. దాన్ని తప్పించడానికి అటాక్ మరీ తగ్గిస్తే సబ్‌లో టిక్కుమనే శబ్దం వస్తుంది. షేపర్‌లో వంపును మీరే గీస్తారు కాబట్టి ఎంత నున్నగా దిగాలో, ఏ మిల్లీసెకన్‌లో తిరిగి రావాలో మీ చేతిలోనే ఉంటుంది.

మూడో దారి, అడుగు భాగాన్ని మాత్రమే వంచడం. సైడ్‌చెయిన్ ఉన్న డైనమిక్ ఈక్యూ (లెవెల్‌ను బట్టి పనిచేసే ఈక్వలైజర్) లేదా మల్టీబ్యాండ్ కంప్రెసర్‌తో 120 హెర్ట్జ్ కిందిది మాత్రమే తగ్గుతుంది, పైనున్న బేస్ రంగు కదలకుండా నిలుస్తుంది. టోక్యో డాన్ ల్యాబ్స్ వారి నోవా ఉచితంగానే దొరుకుతుంది.

ఇప్పుడు ఎంపిక. నాలుగు బీట్లకూ కిక్ ఉన్న హౌస్, టెక్నో, ట్రాన్స్‌లలో సబ్‌కు వాల్యూమ్ షేపరే నా మొదటి మాట, మరో ఆలోచన లేదు. ప్రతి కిక్ ఒకేలా ఉన్నప్పుడు ప్రతిసారీ ఒకే వంపు రావడమే మంచిది. డ్రమ్ అండ్ బేస్‌లో, బ్రోకెన్ బీట్‌లో కిక్ ఎక్కడ పడుతుందో, ఎంత గట్టిగా పడుతుందో మారుతుంది. అక్కడ విని స్పందించే సైడ్‌చెయిన్ కంప్రెసర్ మేలు. 174 బీపీఎంలో పదహారో వంతు 86 మిల్లీసెకన్లే కాబట్టి వంపు పొట్టిగా ఉండాలి. బేస్ 60 నుంచి 80 మిల్లీసెకన్లలో తిరిగి రాకపోతే పాట వేగం చచ్చిపోతుంది. రీస్ లాగా పొడుగ్గా సాగే బేస్ అయితే మూడో దారి పట్టండి. సబ్‌ను మాత్రమే వంచి పైభాగాన్ని వదిలేస్తే ఆ సాగుడు తెగిపోదు.

ఎంత లోతు వంచాలన్నది మాత్రం చెవికే వదిలేయాలి. దాచదలచుకుంటే 3 నుంచి 6 డెసిబెల్స్ చాలు. ఊపు వినిపించాలంటే 10 దాటినా తప్పులేదు, కానీ అది పాట పొడవునా వినిపించే నిర్ణయమని తెలిసి తీసుకోండి.

విడివిడి డ్రమ్స్

శాంపిల్ ప్యాక్‌లలో దొరికే కిక్‌లలో చాలా వాటిని అప్పటికే ఎవరో కంప్రెస్ చేసి, క్లిప్ చేసి (శిఖరాలను కోసి), ఈక్యూ చేసి పెట్టి ఉంటారు. దాని వేవ్‌ఫామ్ చూడండి. మొదటి శిఖరం, తర్వాతి శరీరం దాదాపు ఒకే ఎత్తులో ఉంటే అక్కడ కంప్రెసర్‌కు పని లేదు. నచ్చకపోతే ఇంకో శాంపిల్ వెతకడం మంచిది, అది పది నిమిషాల పని. నచ్చని కిక్‌ను ప్లగిన్లతో మంచి కిక్‌గా మార్చడం రోజంతా పట్టి కూడా ముగియదు.

దెబ్బ ఆకారం మార్చాలంటే కంప్రెసర్, ట్రాన్సియెంట్ షేపర్, క్లిప్పర్ అనే మూడింటి మధ్య తేడా తెలియాలి. కిక్ మెత్తగా ఉంది, టక్కు కావాలంటే, కంప్రెసర్‌లో అటాక్ 20, 30 మిల్లీసెకన్లు పెట్టి, మొదటి దెబ్బను వదిలేసి వెనుకదాన్ని తగ్గించవచ్చు. కానీ అది థ్రెషోల్డ్ మీద ఆధారపడి ఉంటుంది. మెల్లగా పడిన దెబ్బకు ఆ ప్రభావం ఉండదు. ట్రాన్సియెంట్ షేపర్‌కు థ్రెషోల్డ్ గొడవ లేదు, బిగ్గరైనదైనా మెల్లనిదైనా ప్రతి దెబ్బ మొదలునూ ఒకేలా పెంచుతుంది. కాబట్టి ఘోస్ట్ స్నేర్లు (మెల్లగా పడే అదనపు స్నేర్ దెబ్బలు), మారే వెలాసిటీలు ఉన్న చోట షేపర్‌ను ఎంచుకోండి.

క్లిప్పర్ పని ఇంకొకటి. స్నేర్ శిఖరం రెండు మూడు మిల్లీసెకన్లు మాత్రమే పైకి పొడుచుకుని ఉంటుంది. దానివల్ల మొత్తం మిక్స్‌ను బిగ్గరగా చేయలేకపోతారు. కంప్రెసర్‌తో దాన్ని పట్టుకోవాలంటే చాలా వేగమైన అటాక్ కావాలి. అలా పట్టుకున్నాక రిలీజ్ వల్ల స్నేర్ శరీరం కూడా కొంత అణుగుతుంది. క్లిప్పర్ ఆ శిఖరాన్ని కోసేసి, మరుక్షణమే చేయి తీసేస్తుంది. 2, 3 డెసిబెల్స్ కోసినా చెవికి దాదాపు తెలియదు. తెలిసినా స్నేర్ కాస్త గట్టిపడినట్టే ఉంటుంది. ఓవర్‌శాంప్లింగ్ ఉన్న క్లిప్పర్ అయితే పైస్వరాల్లో పుట్టే అనవసరపు శబ్దాలు తగ్గుతాయి. డ్రమ్ అండ్ బేస్ స్నేర్‌కు, గట్టి టెక్నో కిక్‌కు లిమిటర్ కన్నా క్లిప్పర్‌నే నేను సిఫారసు చేస్తాను. హై-హ్యాట్‌లకు వీటిలో ఏదీ అక్కర్లేదు.

808 కిక్ విషయంలో ఒక జాగ్రత్త. 1980లో వచ్చిన డ్రమ్ మెషీన్ రోలాండ్ టీఆర్-808 కిక్‌కు డికే (మోగి ఆగేందుకు పట్టే సమయం) పెంచితే అది డ్రమ్‌గా ఉండదు, బేస్‌లైన్ అయిపోతుంది. అలాంటప్పుడు దానికి బేస్‌కు చెప్పినవే వర్తిస్తాయి, డ్రమ్స్‌కు చెప్పినవి కాదు.

నిజమైన కంప్రెషన్ అవసరం ఎక్కడ పడుతుందంటే, మనుషులు వాయించిన డ్రమ్స్ దగ్గర. పాత రికార్డుల నుంచి తీసిన బ్రేక్‌బీట్లు అలాంటివే. డప్పు, తీన్‌మార్ దరువులను రికార్డు చేసి హౌస్ బీట్‌తో కలిపే మన తెలుగు డీజేలకు కూడా ఇది నేరుగా వర్తిస్తుంది. డప్పు మీద లావు పుల్ల దెబ్బకు, సన్న పుల్ల దెబ్బకు లెవెల్‌లో చాలా తేడా ఉంటుంది. పక్కనే ఉన్న మెషీన్ కిక్ మాత్రం ఒక్క డెసిబెల్ కూడా మారదు. డప్పును అలాగే వదిలేస్తే సన్నపుల్ల పలుకులు మిక్స్‌లో మునిగిపోతాయి. 1176 అనే పేరొందిన స్టూడియో కంప్రెసర్ తరహా ఎఫ్ఈటీ (ట్రాన్సిస్టర్‌తో వేగంగా పనిచేసే) కంప్రెసర్, 4:1, మధ్యస్థమైన రిలీజ్, 5 నుంచి 7 డెసిబెల్స్ తగ్గింపుతో మొదలుపెట్టండి. దరువు నడక చెడకూడదు కాబట్టి లావు దెబ్బకు, సన్న దెబ్బకు కొంత తేడా మిగిలేలా చూసుకోండి.

డ్రమ్ బస్: గ్లూ కావాలా, ప్యారలల్ కావాలా

అన్ని డ్రమ్స్‌ను ఒక బస్‌లోకి, అంటే ఉమ్మడి ఛానెల్‌లోకి, పంపి దానిమీద కంప్రెసర్ పెట్టడం ఒక పద్ధతి. గ్లూ అనేది దీన్నే. ఎస్ఎస్ఎల్ మిక్సింగ్ కన్సోల్‌లోని బస్ కంప్రెసర్ దీనికి ఆదర్శం. ఆబ్లెటన్ లైవ్‌లోని గ్లూ కంప్రెసర్‌ను సైటోమిక్ సంస్థతో కలిసి 1980ల నాటి కన్సోల్ బస్ కంప్రెసర్ నమూనాగా చేశారు. రేషియో 2 లేదా 4, అటాక్ 10 లేదా 30 మిల్లీసెకన్లు, రిలీజ్ 0.1 సెకను లేదా ఆటో, తగ్గింపు 1 నుంచి 3 డెసిబెల్స్. ఇక్కడ కిక్ పెత్తనం చేస్తుంది. అన్నిటికన్నా బలమైనది అదే కాబట్టి కిక్ పడినప్పుడల్లా హ్యాట్లు, క్లాప్‌లు కూడా వంగుతాయి. ఆ వంపు కొద్దిగా ఉంటే డ్రమ్స్ ఒకే గదిలో మోగుతున్నట్టు కలిసిపోతాయి. ఎక్కువైతే ఓపెన్ హ్యాట్ గుటకలు మింగుతున్నట్టు వినిపిస్తుంది. కంప్రెసర్ వినే సిగ్నల్‌కు 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ పెడితే కిక్ పెత్తనం తగ్గుతుంది. ఇది శబ్దాన్ని కోయదు, కంప్రెసర్ చెవిని మాత్రమే మారుస్తుంది.

ప్యారలల్ కంప్రెషన్‌లో అసలు డ్రమ్స్‌ను ముట్టుకోకుండా వదిలేస్తారు. వాటి కాపీని 10, 15 డెసిబెల్స్ దాకా నలిపి, కొద్దికొద్దిగా అసలుతో కలుపుతారు. దెబ్బల పదును అలాగే ఉంటుంది, మధ్యలోని సన్న శబ్దాలు, గది ప్రతిధ్వని పైకి తేలతాయి. 1176లో నాలుగు రేషియో బటన్లూ ఒకేసారి నొక్కే పాత అలవాటు ఇలాంటి చోటే పనికొస్తుంది.

నా ఎంపిక ఇలా ఉంటుంది. హౌస్‌కు గ్లూ, ఎందుకంటే ఆ కొద్దిపాటి వంపే గ్రూవ్‌ను కలుపుతుంది. బ్రేక్‌బీట్లు ఉన్న డ్రమ్ అండ్ బేస్‌కు ప్యారలల్, అదీ బ్రేక్ మీద మాత్రమే. విడిగా వేసిన కిక్, స్నేర్ దానిలోకి పోకూడదు. టెక్నోకు ప్యారలల్ కాపీ మీద కంప్రెషన్ తర్వాత డిస్టార్షన్ కూడా పెట్టి, 150 హెర్ట్జ్ కింద కోసి కలపండి. కిక్ అడుగు చెదరకుండా పైన మంట రేగుతుంది. ప్యారలల్‌లో మల్టీబ్యాండ్ పెడితే దాని క్రాసోవర్లు (బ్యాండ్లను విడదీసే ఫిల్టర్లు) ఫేజ్‌ను తిప్పుతాయి, అసలుతో కలిపినప్పుడు డ్రమ్స్ పలచబడవచ్చు. కాపీ ఫేడర్ ఎత్తగానే కిక్ సన్నబడితే అనుమానించాల్సింది దీన్నే.

బేస్‌ను కూడా డ్రమ్స్‌తోపాటు ఒకే బస్‌లో కంప్రెస్ చేయమనే సలహా ఒకటి ఉంది. సైడ్‌చెయిన్‌తో కిక్, బేస్ మధ్య ఖాళీ ఏర్పరిచాక ఈ పని చేస్తే, రెండు కంప్రెషన్లు ఒకదాని పనిని ఒకటి చెడగొడతాయి. నేను దీన్ని సిఫారసు చేయను.

ఏ రకం, ఎంత ఖర్చు

ఎల్ఏ-2ఏ అనే పాత స్టూడియో పెట్టె తరహా ఆప్టో కంప్రెసర్‌లో కాంతిని బట్టి నిరోధం మారే భాగం ఉంటుంది. దాని అటాక్ సుమారు 10 మిల్లీసెకన్లు. రిలీజ్ మొదటి సగం సుమారు 60 మిల్లీసెకన్లలో జరిగి, మిగతాది సెకన్ల దాకా సాగుతుంది. పొడుగ్గా మోగే బేస్ స్వరాలకు, నిజమైన బేస్ గిటార్‌కు చక్కగా కుదురుతుంది. పదహారో వంతు స్వరాలు గుప్పుగుప్పున వచ్చే టెక్నో బేస్‌కు అది నిదానం, కోలుకునేలోపే తర్వాతి స్వరం వచ్చేస్తుంది. 1176 అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్లు. అంటే దాని అతి నిదానమైన అటాక్ కూడా ఒక మిల్లీసెకన్ లోపే. కిక్ టక్కు మొత్తాన్ని వదిలేయాలంటే అది తగినది కాదు. స్నేర్‌కు, బ్రేక్‌లకు, ప్యారలల్‌కు అదే సరైనది. డీబీఎక్స్ 160 వంటి వీసీఏ (వోల్టేజ్‌తో లెవెల్‌ను నియంత్రించే) రకంలో అటాక్, రిలీజ్ నాబ్‌లే ఉండవు, అయినా కిక్ మీద గట్టిగా పట్టుకుని గుద్దుతుంది. ట్యూబ్‌లతో పనిచేసే వేరీ-మ్యూ రకం మొత్తం మిక్స్‌కు బాగుంటుంది, విడి డ్రమ్స్‌కు కొనాల్సిన పని లేదు.

డబ్బు విషయానికి వస్తే, మీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన కంప్రెసర్‌తోనే పై పనుల్లో ఎక్కువ భాగం అయిపోతాయి. లాజిక్ కంప్రెసర్‌లో వీసీఏ, ఎఫ్ఈటీ, ఆప్టో నమూనాలన్నీ ఒకే కిటికీలో ఉన్నాయి. రీపర్‌లోని రియాకాంప్ చూడటానికి సాదాగా ఉన్నా, వినే సిగ్నల్‌కు ఫిల్టర్లు, సైడ్‌చెయిన్ అన్నీ దానిలో ఉన్నాయి. ఎఫ్ఎల్ స్టూడియోలో ఫ్రూటీ లిమిటర్ కాంప్ ట్యాబ్‌తో కిక్, బేస్ సైడ్‌చెయిన్ సునాయాసంగా అవుతుంది. పాతకాలపు రంగు కావాలంటే క్లాంగ్‌హెల్మ్ డీసీ1ఏ ఉచితం. ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే ఇంకో కంప్రెసర్ కొనకండి, వాల్యూమ్ షేపర్ కొనండి. రెండోదానికి కూడా ఉంటే మంచి క్లిప్పర్. ఆ తర్వాత మిగిలేది శాంపిల్స్‌కు ఖర్చు చేయండి.

దేన్ని పెట్టినా బైపాస్ చేసి పోల్చేటప్పుడు లెవెల్ సమానంగా ఉండాలి. 1 డెసిబెల్ బిగ్గరగా ఉన్నదే చెవికి మేలైనదిగా తోస్తుంది. మేకప్ గెయిన్ (తగ్గిన లెవెల్‌ను తిరిగి పెంచేది) ఆటోలో ఉంటే ఆపేసి, చేత్తో సరిచేసుకోండి. మెల్లటి వాల్యూమ్‌లో ఒకసారి వినండి, కిక్ బేస్ మధ్య నిష్పత్తి అక్కడే బయటపడుతుంది. వీలైతే పెళ్లి ఊరేగింపులో మోగే పెద్ద డీజే బాక్సుల మీద కూడా ఒకసారి వినండి. హెడ్‌ఫోన్స్‌లో 90 మిల్లీసెకన్లు, 140 మిల్లీసెకన్ల రిలీజ్‌ల మధ్య తేడా తెలియకపోతే, సబ్‌లు ఉన్న అలాంటి సిస్టమ్ మీద తెలుస్తుంది. రిలీజ్ పొడుగైతే బేస్ వెనకబడి, అడుగులు బీట్‌కు కాస్త ఆలస్యంగా పడతాయి.